లావుపాటి సీసపు బిళ్ళ

నాకు చిన్నప్పటినుంచీ నాణేల పిచ్చి వుందని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఇంజనీరింగు చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, నలభై ఏళ్ళు దాటేదాకా నాణెం అంటే పార్కింగ్ మీటర్లో వేసేది అని మాత్రమే తెలిసినవాణ్ణి. ఈ వ్యవహారం మొదలైంది 2019 ఆగస్టులో. చికాగో పక్కన రోజ్‌మాంట్‌లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వాళ్ళ పెద్ద నాణేల ప్రదర్శన జరుగుతోంటే, మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసం ఇద్దరం వెళ్ళాం. 1891లో పుట్టిన సంఘం అది. వందల బల్లలు, వాటి మీద ట్రేలు, కళ్ళకి భూతద్దాలు తగిలించుకున్న పెద్దమనుషులు. అరగంటలో మా అమ్మాయికి విసుగొచ్చింది. నాకు మాత్రం ఒక గాజు పెట్టె దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

ఆ పెట్టెలోవి అన్నీ లావుపాటి నాణేలే. సేకరించిన పెద్దాయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అందరూ అందమైనవి, అరుదైనవి ఏరుకుంటారట. ఆయన మాత్రం దేశం, కాలం, లోహం పట్టించుకోకుండా మందంగా వున్నవే కొంటాడట. మందాన్ని చూస్తే ఆ నాణెం ఎలాంటి పని చేసిందో తెలుస్తుందని ఆయన నమ్మకం. ఒక్కొక్కటే చూపించాడు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో రోమన్లు కంచుతో పోతపోసిన ‘అస్’ వుంది. అసలు లెక్క ప్రకారం ఒక్కోటి ఒక రోమన్ పౌను తూగాలి, అంటే సుమారు 320 గ్రాములు. జేబులో వేసుకుంటే జేబు చిరుగుతుంది! టాలమీ రాజులు ఈజిప్టులో కొట్టించిన పెద్ద కంచు నాణెం వుంది. వాటిలో కొన్ని 70 గ్రాములు దాటుతాయి. 1797లో ఇంగ్లండులో మాథ్యూ బోల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో కొట్టిన రెండు పెన్నీల రాగి నాణెం కూడా వుంది. 41 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం, రెండు ఔన్సుల బరువు. బండిచక్రంలా వుందని జనం దానికి ఆ పేరే పెట్టారట.

అంతా చూపించాక, “మీరు ఇండియావాళ్ళా? మీ దక్కన్‌లో కూడా లావు నాణేలు చాలా వున్నాయి, సీసంతో చేసినవి” అన్నాడు. మూడు వరసల అవతల ఒక వ్యాపారి బల్ల దగ్గర చూడమన్నాడు.

వెళ్ళి చూశాను. ప్లాస్టిక్ డబ్బాలో, చిన్న చిన్న కాగితపు కవర్లలో, బూడిదరంగు బిళ్ళలు. కవరు మీద పెన్సిల్‌తో ‘శాతవాహన, సీసం’ అని ఇంగ్లీషులో. పక్క ట్రేలో గ్రీకు వెండి నాణేలు వందలు, వేలు పలుకుతుంటే, ఇవి ముప్ఫై డాలర్లు! మనం బళ్ళో బట్టీపట్టిన శాతవాహనులు ముప్ఫై డాలర్లకి దొరుకుతారని నాకెవరూ చెప్పలేదు. పౌరుషం పొడుచుకొచ్చింది. ఒకటి కొన్నాను. “ఇది ఎక్కడ దొరికింది?” అని అడిగితే, “పాత కలెక్షన్‌లోది” అన్నాడు. ఆ జవాబు ఎంత పెద్ద ఖాళీయో ఆ రోజు నాకు తెలియలేదు.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టగానే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “సీసమా? పిల్లలున్న ఇంట్లోనా?” అని. న్యాయమైన ప్రశ్నే. మేము పాత ఇల్లు కొన్నప్పుడు గోడలకి సీసం కలిసిన రంగు వుండొచ్చని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఈ దేశంలో ఇళ్ళకి ఆ రంగు వాడకం 1978లో నిషేధించారు కదా. కాబట్టి ఆ నాణేన్ని మూతవున్న చిన్న డబ్బాలో పెట్టడం, తాకితే సబ్బుతో చేతులు కడుక్కోవడం అనే ఒప్పందం మీద అది మా ఇంట్లో నిలబడింది. మీలో ఎవరి దగ్గరైనా అలాంటివి వుంటే ఈ జాగ్రత్త తప్పకుండా పాటించండి.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు. వెర్నియర్ తీసి కొలిచాను. వెడల్పు సుమారు 20 మిల్లీమీటర్లు. మందం ఒక పక్క నాలుగు, ఇంకో పక్క అంతకన్నా తక్కువ. బరువు 13.2 గ్రాములు. మన జేబులో వుండే అమెరికన్ నికెల్ 21 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ మందం, సరిగ్గా 5 గ్రాములు. అంటే నికెల్ కంటే వెడల్పులో చిన్నది, మందంలో రెట్టింపు, బరువులో రెండున్నర రెట్లు పైన. చేతిలో పెట్టుకుంటే బరువు మునివేళ్ళకి తెలుస్తుంది. మా అమ్మాయి, “ఇది నాణెంలా లేదు నాన్నా, తూకపురాయిలా వుంది” అంది.

ఇది సీసమేనా అన్న అనుమానం తీర్చుకోవడానికి ఆర్కిమెడీస్ పద్ధతి వుండనే వుంది. చిన్న తూకం యంత్రం మీద నీళ్ళ కప్పు పెట్టి, సున్నాకి తెచ్చి, నాణేన్ని దారంతో కట్టి, అడుగు తాకకుండా నీళ్ళలో వేలాడదీస్తే యంత్రం చూపించే అంకె ఆ నాణెం తొలగించిన నీటి బరువు. 1.19 గ్రాములు వచ్చింది. 13.2ని దానితో భాగిస్తే సుమారు 11.1. శుద్ధమైన సీసం సాంద్రత 11.34, రాగిది 8.96. పైన పట్టిన తెల్లటి పొరని లెక్కలోకి తీసుకుంటే సీసమే. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు ఆ విధంగా గట్టెక్కింది.

ఇంతకీ ఎందుకంత లావు? తరవాత కొన్ని నెలలు ఈ ప్రశ్న పట్టుకుని తిరిగాను.

మొదటి కారణం లోహంలోనే వుంది. బంగారం చిటికెడైనా విలువ వుంటుంది కాబట్టి పల్చగా కొట్టొచ్చు. సీసం చవక. అందులో కొంచెమైనా విలువ కనబడాలంటే బరువుండాలి. పైగా సీసం మెత్తన. పల్చటి రేకు చేస్తే పది చేతులు మారేసరికి వంగిపోతుంది, అంచులు చిరుగుతాయి. మందంగా వుంటేనే నాలుగు రోజులు బతుకుతుంది. రెండో కారణం తయారీ. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దానికి పెద్ద కొలిమి అక్కర్లేదు, మామూలు పొయ్యి చాలు. కరిగించి గుంటలో పోస్తే ముద్దలాంటి బిళ్ళ వస్తుంది. దాని మీద అచ్చు పెట్టి ఒక దెబ్బ వేస్తే గుర్తు దిగుతుంది. సాగగొట్టి, అంచులు తీర్చిదిద్దే శ్రమ ఎవరూ పడరు. రోజువారీ బజారు అవసరానికి వేలకొద్దీ కావాలి, త్వరగా కావాలి. అంతే.

మనకిది కొత్తేమీ కాదు. మనం రోజూ వాడే ‘డబ్బు’ అన్న మాటే ఒక రాగి నాణెం పేరు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు మచిలీపట్నం టంకశాలలో కొట్టించిన రాగి నాణేలని ‘డబ్’ అనేవాళ్ళు. అది మన తెలుగు డబ్బే, ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి పొట్టిదైంది. నిజాం రాజ్యంలోనూ గుండ్రంగానో చదరంగానో స్పష్టంగా చెప్పలేని రాగి ముద్దలు చాలాకాలం డబ్బులుగా చెలామణీ అయ్యాయి. చిల్లర నాణెం మన ప్రాంతంలో అనేక వందల ఏళ్ళు లావుగానే వుండేది. రాజుగారి దర్పం బంగారం మీద చూపించుకుంటాడు. ఉప్పు, నూనె కొనుక్కునేవాడికి ముద్ద చాలు.

శాతవాహనుల కాలపు శాసనాల్లో డబ్బు మాట వస్తే ‘కహాపణాలు’ కనబడతాయి. సంస్కృతంలో కార్షాపణాలు. నానేఘాట్ శాసనంలో యజ్ఞాల దక్షిణలు వేల కహాపణాల్లో లెక్కపెట్టారు. నాసిక్ గుహల్లో, శాతవాహనుల ప్రత్యర్థి అయిన నహపానుడి అల్లుడు ఉషవదాతుడు 2000 కహాపణాలని సాలెవాళ్ళ సంఘంలో నూటికి నెలకి ఒకటి వడ్డీకి పెట్టినట్టు రాసుకున్నాడు. ఇవన్నీ పెద్దవాళ్ళ లెక్కలు. ఆ రోజు సంతలో దోసెడు నువ్వులు కొన్న మనిషి ఏమిచ్చాడో ఏ శాసనమూ చెప్పదు. ఆ మనిషి చేతిలోది ఇదిగో, ఇలాంటి బిళ్ళ. నాకు ఈ ఆలోచన వచ్చాక ముప్ఫై డాలర్ల నాణెం మీద గౌరవం పెరిగింది.

సీసం ఎక్కడిది అన్నది ఇంకో ముచ్చట. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, ఇండియాలో రాగీ లేదు, సీసమూ లేదు, వాళ్ళ రత్నాలూ ముత్యాలూ ఇచ్చి మార్చుకుంటారని రాశాడు. అదే కాలపు గ్రీకు నావికుడి పుస్తకం ‘పెరిప్లస్’, బరుకచ్ఛం రేవులోనూ కేరళ తీరాన ముజిరిస్‌లోనూ దిగే సరుకుల్లో సీసాన్ని లెక్కపెట్టింది. కానీ ప్లినీ పూర్తిగా సరికాదు. మన పల్నాటి అగ్నిగుండాల కొండల్లో సీసపు ఖనిజం వుంది, మన కాలంలో కూడా అక్కడ గని నడిచింది. ఓడ దిగిన సీసమూ వుండొచ్చు, కొండల్లో తవ్విన సీసమూ వుండొచ్చు. కోరమాండల్ తీరాన దొరికిన సీసపు నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ వుంటుంది. మనం బళ్ళో యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో చదువుకున్నది ఆ ఓడ గురించే. 1908లో బ్రిటిష్ మ్యూజియం కాటలాగు రాసిన ఇ. జె. రాప్సన్ మాత్రం దాన్ని పులుమావి లెక్కలో వేశాడు. ఒకే నాణేన్ని ఇద్దరు రాజులకి ఎలా ఇస్తారని మీరు అడగొచ్చు. నేనూ అదే అడిగాను. జవాబు మళ్ళీ మందం దగ్గరికే తీసుకెళ్ళింది.

నా నాణెం మీద ఒక పక్క ఏనుగు. రెండో పక్క ఉజ్జయిని గుర్తు, అంటే ప్లస్ గుర్తు నాలుగు చివరలా నాలుగు సున్నాలు. ఏనుగు పైన బ్రాహ్మీ అక్షరాలు. బ్రాహ్మీ నేర్చుకోవడానికి రెండు వారాంతాలు పట్టింది. మన ‘క’ అప్పట్లో సరిగ్గా ప్లస్ గుర్తులా వుండేదని తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఏ కోడు రాసినప్పుడూ కలగలేదు. తీరా చదివితే నాకు దొరికింది మూడే అక్షరాలు: ‘తకణి’. సాతకణి అన్నమాట, శాతకర్ణి. మిగతాదంతా అంచు అవతలకి పోయింది. ముద్దలాంటి లావు బిళ్ళ అచ్చు కంటే చిన్నదైతే పడే సగం గుర్తు ఇదే. అచ్చు పూర్తిగా దిగితే ‘రఞో’ అని మొదలై, గౌతమి కొడుకో, వాసిష్ఠి కొడుకో కూడా చెప్పేదేమో. శాతకర్ణి అన్న పేరుతో అరడజను మంది రాజులున్నారు. నా బిళ్ళ ఎవరిది?

నాణేల పండితులు దీనికి రెండు దారులు పట్టారు. ఒకటి, ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు చాలా కలిపి చూడడం. ఒకదాంట్లో పేరు మొదలు, ఇంకోదాంట్లో చివర దొరుకుతాయి. చిరిగిన ఉత్తరం ముక్కలు అతికించినట్టు. రెండోది, నాణెం ఏ చోట దొరికిందో చూడడం. గోదావరి, కృష్ణా జిల్లాల సీసపు నాణేల తయారీ వేరు, పడమటివి వేరు. రాప్సన్ తన కాటలాగుని రాజుల పేర్లతో పాటు ప్రాంతాన్నీ, తయారీ తీరునీ బట్టి విడదీశాడు. ఆ పని చేయగలిగింది ఆయన ముందున్న సేకర్తల పుణ్యాన. వాళ్ళలో ముఖ్యుడు వాల్టర్ ఎలియట్. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన ఎలియట్ ఈయనే. చివరి రోజుల్లో చూపు పోయాక కూడా దక్షిణ భారత నాణేల మీద పుస్తకం పూర్తిచేశాడు, 1887లో పోయాడు. ఆయన నాణేలు బ్రిటిష్ మ్యూజియం చేరాయి. అవి మన దేశం దాటిపోయాయని బాధపడొచ్చు, నేనూ పడతాను. కానీ ఏ ప్రాంతంలో దొరికాయన్న సమాచారం వాటితోపాటు వెళ్ళింది. నా బిళ్ళతో ఏమీ రాలేదు.

దొరికిన చోటు తెలిస్తే ఎంత చరిత్ర బయటపడుతుందో మన దగ్గరే ఉదాహరణలున్నాయి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తంబిలో ఒక్క చోట 13 వేల పైచిలుకు వెండి నాణేలు దొరికాయి. అన్నీ నహపానుడివి. వాటిలో 9 వేలకి పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తు మళ్ళీ కొట్టించాడు. శత్రువుని గెలిచి అతని డబ్బు మీద తన ముద్ర వేసుకున్న కథ ఆ కుప్ప మొత్తం చెప్పింది. అదే కుప్ప పదిమంది వ్యాపారుల చేతుల్లోకి విడివిడిగా పోయివుంటే ఆ లెక్క ఎవరికి దొరికేది?

ఇంకో ఉదాహరణ గోదావరి ఒడ్డున కోటిలింగాల. అప్పటి కరీంనగర్ జిల్లా, ఇప్పటి జగిత్యాల జిల్లా. అక్కడ మట్టికోట గట్టు మీద వానలు కడిగినప్పుడు బయటపడిన నాణేలని స్థానికులైన ఆసక్తిపరులు ఏరి, దాచి, పండితులకి చూపించారు. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వాటిని చదివితే గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అనే పేర్లు బయటపడ్డాయి. ఏ పురాణంలోనూ లేని పేర్లు. శాతవాహనుల కంటే ముందు అక్కడ ఏలినవాళ్ళని ఆయన నిర్ణయించారు. అదే చోట చిముకుడి నాణేలు, అంటే శ్రీముఖుడన్న తొలి శాతవాహనుడివని చెప్పేవి, దొరికాయి. శాతవాహనుల తొలినాళ్ళ గురించి చర్చ గోదావరి ఒడ్డుకి జరిగింది. ఏరినవాళ్ళు నాలాంటి మామూలు మనుషులే. తేడా ఒక్కటే. వాళ్ళు ‘ఇది ఇక్కడ దొరికింది’ అని చెప్పగలిగారు. తరవాత ఎల్లంపల్లి జలాశయం ముంపు ఆ ఒడ్డు దాకా వచ్చింది. మట్టి చెప్పేది కొంత నీళ్ళ కిందికి పోయినా, వాళ్ళు చెప్పించినది మిగిలింది.

కృష్ణా తీరంలోనూ ఇంతే. అమరావతి పక్కన వడ్డమాను తవ్వకాల్లో ‘సద’ అన్న పేరుతో ముగిసే రాజుల సీసపు నాణేలు, సింహం బొమ్మతో దొరికాయి. గుంటుపల్లి బౌద్ధ గుహల దగ్గర శాసనంలో సిరి సద మహారాజు పేరు వుంది. శాసనం, నాణెం, చోటు మూడూ కలిస్తే మన తీరాన ఒక రాజవంశం నిలబడింది.

ఇదంతా చదివాక ఒక ఆదివారం మా అమ్మకి ఫోన్ చేసి వీడియోలో నాణేన్ని చూపించాను. అమ్మ పుట్టిల్లు ధరణికోట దగ్గర పల్లె, ఇప్పటి పల్నాడు జిల్లా. శాతవాహనుల ధాన్యకటకం అదే. కళ్ళజోడు సవరించుకుని చూసి, “ఓరి నీ ఇల్లు బంగారంగానూ, దీనికి ముప్ఫై డాలర్లు పోశావా? వీటితో మేం తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం రా” అంది.

నాకు నోట మాట రాలేదు. తొక్కుడుబిళ్ళకి పెంకు కన్నా సీసపు బిళ్ళ మంచిదట. బరువుగా వుంటుంది కాబట్టి వేసిన గడిలోనే కూర్చుంటుంది, దొర్లిపోదు. తొలకరి వానలకి చేలగట్ల వెంట పైకి తేలేవట. ఆడపిల్లలు పరికిణీ కొంగులో ఏరుకొచ్చేవాళ్ళట. చేపలు పట్టేవాళ్ళు వచ్చి అడిగితే ఇచ్చేసేవాళ్ళట. వాళ్ళు కరిగించి వలలకి గుండ్లు పోసుకునేవాళ్ళు. “పక్కూళ్ళో గవర్నమెంటువాళ్ళు గుడారాలేసుకుని తవ్వుతున్నారని మీ తాతయ్య చెప్పేవాడు. మా చేతిలోవి కూడా అవేనని ఎవరికి తెలుసు?” అంది. లెక్క చూస్తే సరిపోయింది. పురావస్తుశాఖ వాళ్ళు ధరణికోటలో తవ్వింది 1962 నుంచి 1965 దాకా. అప్పుడు మా అమ్మకి పదేళ్ళు. ఓడలు ఆగే ఇటుకల రేవు ఆ తవ్వకాల్లోనే బయటపడింది. రేవు పక్క మా అమ్మా, ఆమె స్నేహితురాళ్ళూ రెండువేల ఏళ్ళనాటి చిల్లర మీద ఒంటికాలితో గెంతుతున్నారు.

నాకు మొదట నవ్వొచ్చింది, తరవాత గుండె కలుక్కుమంది. ఎన్ని రాజుల పేర్లు వలగుండ్లై కృష్ణలో మునిగాయో! అంతలోనే అనిపించింది, తప్పు పట్టడానికి నేనెవరిని? వాళ్ళు తెలియక కరిగించారు. నేను తెలిసి, డబ్బిచ్చి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని వస్తువుని కొన్నాను. నాలాంటివాళ్ళు ముప్ఫై డాలర్లిచ్చి కొంటున్నంతకాలం ఎవరో ఒకరు రాత్రిపూట ఏ గట్టో తవ్వుతూనే వుంటారు. వలగుండు చేసిన నాణెం, కవర్లో వేసి అమ్మిన నాణెం, చరిత్రకి రెండూ పోయినట్టే. నా డబ్బాలోది కంటికి కనబడుతోంది, అంతే తేడా.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మనందరి సూట్‌కేసులకి సంబంధించినది. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం వందేళ్ళు దాటిన నాణేల్ని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అంటే అమ్మమ్మ ప్రేమగా చేతిలో పెట్టిన విక్టోరియా రాణి వెండి రూపాయి కూడా ఆ లెక్కలోకి వస్తుంది! లక్ష్మీపూజలో పెట్టుకోవడానికని మనలో ఎంతమంది తెచ్చుకోలేదు? 2024 జులైలో భారతదేశం, అమెరికా సాంస్కృతిక సంపద మీద ఒప్పందం మీద ఢిల్లీలో సంతకాలు చేశాయి. దొంగతనంగా వచ్చే పురావస్తువుల్ని ఇక్కడి సరిహద్దులో ఆపడం దాని ఉద్దేశం. 1972కి ముందే బయటికొచ్చిన పాత సేకరణలు ఇక్కడ చాలా వున్నాయి, అదీ నిజమే. నా బిళ్ళ వాటిలోదో కాదో తేల్చగల కాగితం ఏదీ నా దగ్గర లేదు. ‘పాత కలెక్షన్’ అన్న రెండు మాటలున్నాయి.

ఆ తరవాత నేను మన దేశపు పాత నాణేలు కొనడం మానేశాను. లావు నాణేల సరదా మాత్రం పోలేదు. 1797 నాటి బండిచక్రం పెన్నీ ఒకటి, ఎవరి దగ్గరనుంచి ఎవరి దగ్గరికి వచ్చిందో రాసివున్న చీటీతో సహా కొన్నాను. నా శాతకర్ణిని ఫొటోలు తీసి, కొలతలు, బరువు, మూడు అక్షరాలు, కొన్న తేదీ, చోటు రాసిపెట్టాను. ఏ పరిశోధకుడైనా అడిగితే ఇవ్వడానికి సిద్ధంగా.

అంతకన్నా ముఖ్యమైన పని ఇంకోటి చేశాను. వరసగా నాలుగు ఆదివారాలు అమ్మ చేత చెప్పించుకున్నాను. ఏ చేను? ఊరికి ఏ దిక్కు? ఏ చెట్టు దగ్గర? బొమ్మలు గుర్తున్నాయా? “ఏనుగున్నవి తక్కువ. సింహంలాంటిది ఎక్కువ. మేం దాన్ని కుక్క అనుకునేవాళ్ళం” అంది. కుక్క! వడ్డమాను సద రాజుల సింహమేమో అని నాకు ఒళ్ళు జలదరించింది. అరవై ఏళ్ళ కిందటి జ్ఞాపకం మీద రాజవంశాన్ని నిలబెట్టకూడదని తెలుసు. కానీ రాసిపెట్టకూడదని ఎవరూ అనలేదు కదా. పటం తెరిచి ఇద్దరం వెతికాం. చెట్టు లేదు. గట్టు వుంది. మళ్ళీ ఊరు వెళ్ళినప్పుడు అమ్మతో ఆ గట్టు దాకా నడిచి, సరైన చోటు గుర్తుపెట్టి, రాష్ట్ర పురావస్తుశాఖకి ఒక ఉత్తరం ఇవ్వాలని అనుకున్నాం.

మీకు నా మనవి కూడా ఇదే. మన పిల్లలకి మనం వస్తువులు ఇవ్వాలని తాపత్రయపడతాం. కాసులు, కంచాలు, పట్టుచీరలు. వాటితోపాటు, ఇది ఎవరిది, ఏ ఊరిది, ఎలా వచ్చింది అన్న నాలుగు మాటలు కాగితం మీద ఇవ్వం. మన తరం దాటితే ఆ మాటలు చెప్పేవాళ్ళు వుండరు. ఇండియా ఫోన్ ఇప్పుడు చవక. వచ్చే ఆదివారం బీపీ మాత్రలు వేసుకున్నారా అని అడిగాక, ఇంకో ప్రశ్న కూడా అడగండి.

నా డబ్బాలో ఇప్పుడు రెండు చీటీలున్నాయి. ఒకటి శాతకర్ణి కింద వుంది. అందులో ‘దొరికిన చోటు: తెలియదు’ అని రాశాను. రెండో చీటీ ఖాళీ గడిలో వుంది. అందులో మా అమ్మ చెప్పిన చేను, దిక్కు, గట్టు అన్నీ రాసి, పైన ‘నాణెం: లేదు’ అని రాశాను. మా అమ్మాయి రెండూ చూసి, “ఈ రెండిట్లో ఏది ఎక్కువ విలువైంది నాన్నా?” అని అడిగింది. ఖాళీ గడి వైపు చూపించాను.